లాప్‌టాప్‌లో నాన్న గొంతు

ఆర్నెల్ అన్నయ్యా,

నేను ఇలోయిలో నగరంలో నాన్న ఉన్న ఆసుపత్రికి వెళ్తున్నాను. నువ్వు డ్యూటీ నుంచి వచ్చాక నాన్న చేత వీడియో కాల్ చేయిస్తాను. లాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే కిందున్న స్పీకర్లు మూసుకుపోతాయి, బల్ల మీద పెట్టు. కొత్తవి కొనలేం కాబట్టి పాత రేడియో స్పీకరు తగిలించాను. సెట్టింగుల్లో బేస్ తగ్గించాను, మార్చకు. ఫ్యాను ఆపెయ్. అన్నం, ఎండుచేపలు మూతపెట్టి ఉంచాను.

ఆదివారం సౌండు బాగాలేదని నాన్న కాల్ మధ్యలోనే కట్ చేశావు. "గట్టిగా అరిస్తే వాడికి వినపడేదేమో, అమ్మాయ్" అని నాన్న నాతో అన్నాడు. రేపు ఆపరేషన్‌లో ఆయన స్వరపేటిక తీసేస్తున్నారు. ఇక మాట ఉండదు.

చెల్లి మైలిన్

ఇంత చేసినా కొంచెం గరగర మిగులుతుంది. అది లాప్‌టాప్‌ది కాదు, నాన్నదే. చివరిదాకా విను.