సునీత బాండికూట్, నా కప్ప

శనివారం, రాత్రి

మా అమ్మాయి నిత్య స్కూల్ ప్రాజెక్టులో మేముండే ఊరు క్రాన్‌బర్న్‌లోని జీవుల్లో రెండింటిని పోల్చాలి. మడుగుల్లో గుర్రుమనే పచ్చకప్పనూ, పొదల్లో తిరిగే పొడుగు మూతి చిన్న జంతువు బాండికూట్‌నూ ఎంచుకుంది. యూనివర్సిటీలో ఆ కప్ప మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నది నేను. బాండికూట్ మీద పనిచేసేది నా సహోద్యోగి సునీత.

మధ్యాహ్నమంతా సునీత ఇంట్లో కూర్చుని, నవ్వుతూ తిరిగొచ్చింది నా కూతురు. కప్ప సంగతి మాత్రం ఇంటర్నెట్‌లో చూసి రాసేసింది.

"నన్ను అడగొచ్చుగా?"

"యూ గెట్ సో ఇంటెన్స్, అమ్మా. సునీతా ఆంటీ ఈజ్ ఫన్!"

పేరు మన పందికొక్కుదే అయినా, బాండికూట్ ఎవరికైనా ముద్దొస్తుంది. జిగురు ఒంటి కప్పను ఎవరు ముద్దు చేస్తారు? నా కడుపుమంట నాకే సిగ్గుగా ఉంది, అయినా చల్లారడం లేదు.

రాసింది చదివి వినిపించింది. మగకప్ప శత్రువులను భయపెట్టడానికి గుర్రుమంటుందట.

"తప్పు! ఎవరు చెప్పారే నీకు?" అని కసిరాను. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

అది బెదిరించడానికి కాదు, ఆడకప్పను దగ్గరికి రమ్మనడానికి. మెల్లగా చెబితే వినేదేమో. పొద్దున్న చెప్పి చూడాలి. ఇదే మాట సునీతైతే ఎలా చెప్పి ఉండేదో...