లోపలి జేబు కేసు

సోమవారం

కాలేజీ కుట్టుగది దర్జీ గారికి,

నమస్కారం. ఆటల నియమాల విచారణ సంఘం కార్యదర్శిని రాస్తున్నాను. ఈ శనివారం కాలేజీల పరుగుపందెంలో పాల్గొనబోయే మీ మేనకోడలి నిక్కరుకు లోపలివైపు జేబు ఉందని అవతలి కాలేజీ కోచ్ ఫిర్యాదు చేశారు. పోయిన పందెంలో ఆ అమ్మాయి పరిగెడుతూనే అందులోంచి చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకుందట. జట్టులో ఇంకెవరికీ అలాంటి జేబు లేదు.

పదహారో నియమం ప్రకారం, తోటి విద్యార్థులకు అందని సౌకర్యం ఏదీ కాలేజీ ఉద్యోగులు ఒక్క ఆటగాడికి మాత్రమే కల్పించకూడదు. ఇది మూడో తరగతి తప్పు, అంటే చిన్నది. మందలింపుతో సరిపోతుంది. మీ జవాబు పంపండి. తమంతట తాము ఒప్పుకున్నవారికి శిక్ష తగ్గించే పద్ధతి కూడా ఉంది.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. ఫిర్యాదుతో పాటు కోచ్ గారు బొమ్మ గీసి పంపారు. అందులో నిక్కరు కంటే జేబు పెద్దదిగా ఉంది.

మంగళవారం పొద్దున

మహారాజశ్రీ కార్యదర్శి గారికి,

కుట్టుగది అత్తయ్య నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ పిల్లలంతా నన్ను అత్తయ్యా అనే పిలుస్తారు, మీరూ మొహమాటపడకండి. జేబు కుట్టింది నేనే. మా అన్నయ్య కూతురికి పుట్టినప్పటి నుంచీ పడిశం. నాలుగడుగులు పరిగెత్తి గాలి తగిలితే చాలు, ముక్కు కారిపోతుంది. చూడలేక మేనత్తగా కుట్టాను. సూది నాదే. దారం మాత్రం కాలేజీది.

ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందన్నారు కాబట్టి దాచకుండా అన్నీ చెప్పేస్తున్నా. దాని బనియను మెడపట్టీ రెండుసార్లు కుట్టాను. అదొస్తే నా కుర్చీ ఇచ్చేసి నేను పెట్టె మీద కూర్చుంటాను. పోయిన నెల బూటు లేసు తెగితే పరదా తాడు కోసి ఇచ్చాను. ఆ పరదా ప్రిన్సిపాల్ గారి గదిది.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఇవి చాలకపోతే చెప్పండి, ఇంకా గుర్తు చేసుకుంటాను.

మంగళవారం సాయంత్రం

అమ్మా,

ఒక తప్పు గురించి అడిగితే మీ దగ్గర్నుంచి నాలుగు వచ్చాయి. నిజాయితీగా చెప్పినందుకు శిక్ష ఒక మెట్టు తగ్గించాం. చెప్పిన విషయాలకు రెండు మెట్లు పెంచాం.

మేనత్తగా కుట్టి ఉంటే తప్పే లేదు. కానీ సూది ఇంటిది, దారం కాలేజీది. కుట్టింది మేనత్తా, దర్జీనా అని ఏడుగురు సభ్యులం పొద్దస్తమానం కూర్చుని వాదించుకున్నాం. నలుగురు దర్జీ అన్నారు. కేసు రెండో తరగతికి ఎక్కింది. దానికి శిక్ష ఒక పందెం నిషేధం, అంటే శనివారం పందెమే. శుక్రవారం ఖరారు చేస్తాం. ఈలోగా దయచేసి ఇంకేమీ ఒప్పుకోకండి.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. ప్రిన్సిపాల్ గారు పరదా తాడు అడుగుతున్నారు.

బుధవారం పొద్దున

అయ్యా,

ఒప్పుకోమన్నదీ మీరే, ఒప్పుకుంటే పెంచిందీ మీరే! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

అది మూడేళ్లుగా మైదానం చుట్టూ తిరుగుతోంది. రెండేళ్లు వరసగా మూడో స్థానంలో ఆగిపోయింది. ఈ నెలతో చదువు అయిపోతుంది, కాలేజీ తరఫున ఇదే ఆఖరి పరుగు. నిన్న మీ ఉత్తరం చదివింది. నా పక్కన కూర్చుని బొత్తాలన్నీ రంగుల వారీగా ఏరిపెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

శిక్ష నాకు వెయ్యండి. మైదానం చుట్టూ ఎన్నిసార్లు తిరగమంటే అన్నిసార్లు తిరుగుతాను, మోకాళ్లు ఒప్పుకుంటే. జేబు విప్పమంటే ఇప్పుడే విప్పేస్తాను.

ఇట్లు,
నోరు జారిన అత్తయ్య

తా.క. తాడు బూటులో ఉంది, బూటు దాని కాలికి ఉంది. ప్రిన్సిపాల్ గారిని కాస్త ఓపిక పట్టమనండి.

బుధవారం మధ్యాహ్నం

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం సభ్యులకు చదివి వినిపించాను. బొత్తాల దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, దగ్గి సర్దుకున్నాను.

జేబు ముట్టుకోకండి. విప్పితే ఆధారం మాయం చేసినట్టు. అది మొదటి తరగతి తప్పు. నేను పంపిన పదహారో నియమం మరోసారి నిదానంగా చదవండి. 'తోటి విద్యార్థులకు అందని సౌకర్యం' అని ఉంది. అందరికీ అందితే అసలు తప్పే కాదు. ఇంతకంటే నేను రాయకూడదు. శుక్రవారం మధ్యాహ్నం ఏడుగురం తనిఖీకి వస్తాం.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. మీ కుట్టుమిషను ఎంత వేగంగా నడుస్తుంది? ఊరికే అడిగాను.

శుక్రవారం పొద్దున

కార్యదర్శి బాబుకి,

మీ కడుపు చల్లగుండ! ఇప్పటికి తొంభై మూడు నిక్కర్లకు జేబులు వేశాను. మన జట్టంతా అయిపోయింది. ఆటలంటే గిట్టక లైబ్రరీలో కూర్చునే పిల్లలు కూడా వరస కట్టారు. అవతలి కాలేజీ పిల్లలు ప్రాక్టీసుకు వస్తే వాళ్లకీ కుట్టాను. ఫిర్యాదు చేసిన కోచ్ గారు మాత్రం జేబు ఒకటి చాలదు, రెండు కావాలన్నారు.

బనియన్లకు మెడపట్టీలు అందరికీ రెండుసార్లు కుట్టాను. కుర్చీ ఎవరొస్తే వాళ్లదే. లేసులు అడిగినవాళ్లందరికీ ఇచ్చాను. ఇప్పుడు కాలేజీ మొత్తంలో ఒక్క పరదాకూ తాడు లేదు.

ఇట్లు,
వేళ్లు వాచిన అత్తయ్య

తా.క. నా గది మహా ఉక్క. కోట్లు తగిలించుకోవడానికి గుమ్మం పక్కనే కొక్కెం ఉంది.

ఆదివారం

అత్తయ్యా,

కేసు కొట్టేశామని శుక్రవారమే విన్నారు. నిన్న మీ మేనకోడలు రెండో స్థానంలో గీత దాటుతుంటే నేను కార్యదర్శినన్న సంగతి మరిచిపోయి కుర్చీ ఎక్కి అరిచాను. మొదట వచ్చిన అవతలి కాలేజీ పిల్ల, మీరు కుట్టిన జేబులోంచి చేతిరుమాలు తీసి మీ పిల్లకే ఇచ్చింది. మీరు కళ్లు తుడుచుకుంటూ ఉండి చూశారో లేదో.

ఇప్పుడు అసలు సంగతి. ఆ అరుపులకు చెమటలు పట్టి తడుముకుంటే, నా కోటు లోపల కొత్త జేబు తగిలింది. మడతపెట్టిన చేతిరుమాలు కూడా ఉంది. మొన్న తనిఖీలో కోటు విప్పి కొక్కేనికి తగిలించింది నేనొక్కడినే. తనిఖీకి వెళ్లిన అధికారి తోటి సభ్యులకు అందని సౌకర్యం అక్కడ పొందడం మొదటి తరగతి తప్పు. తేలితే ఆ తీర్పు చెల్లదు, పిల్ల పతకం వెనక్కి ఇవ్వాలి. కంచే చేను మేసినట్టయింది.

నియమం నియమమే కాబట్టి నాకు నేనే నోటీసు రాసుకున్నాను. అందినట్టు సంతకం పెట్టాను. జవాబుకు వారం గడువిచ్చాను. నిజాయితీగా ఒప్పుకుందామనే ఉంది గానీ, ఒప్పుకుంటే ఏమవుతుందో మీ కేసులో కళ్లారా చూశాను.

ఇట్లు,
మీ కార్యదర్శి

తా.క. మంగళవారం పొద్దున మిగతా ఆరుగురు సభ్యులనూ మరోసారి తనిఖీకి తీసుకొస్తున్నాను. ఈసారి ఆరు కోట్లూ కొక్కేనికి ఎక్కేలా చూసే పూచీ నాది. దారం మాత్రం మీ ఇంటిది వాడండి.