ఇసుకలో మెట్ట తామర

1998 ఫిబ్రవరి 16, సోమవారం

ఈయన కువైట్ నుంచి వచ్చేసి ఆరు రోజులు. ఇక వెళ్ళరట. అత్తయ్యగారు నమ్మడం లేదు. సూపర్‌వైజరుని కంపెనీవాళ్ళు అంత తేలిగ్గా వదులుతారా అంటారు.

నా మెట్ట తామర మళ్ళీ పోయింది. కొత్తపేటలో మా పుట్టింటి వెనక కాలవగట్టున పిచ్చిమొక్కలా పెరుగుతుంది. ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పు. కుళాయి నుంచి మోసుకొచ్చి పోస్తే ఇసుక గుటుక్కున తాగేస్తుంది. మూడుసార్లు దుంపలు తెచ్చాను, మూడుసార్లూ ఎండాయి. ఈయన చూశారు. ఇసుక గుప్పిట్లోకి తీసుకుని జారవిడిచారు.

ఫిబ్రవరి 18

పొద్దున్నే మోకాటిలోతు గొయ్యి తీశారు. లోపల పాలిథీన్ షీటు పరిచి, జానెడు ఎత్తులో చుట్టూ చిల్లులు పెట్టారు. అడుగున నీళ్ళు నిలవాలట, ఎక్కువైనవి పోవాలట. కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు, కాలవ మట్టి కలిపి నింపారు.

ఎక్కడ నేర్చుకున్నారండీ అన్నాను. అక్కడ చూశాలే అన్నారు.

మార్చి 1

కొత్త దుంపలు తెప్పించాను. ఒక్కోటీ చేతిలో తిప్పి, మొలక కన్ను వేలితో తడిమి, చూడకుండానే కోశారు. ఊరికే చూసి నేర్చుకున్న చెయ్యి కాదది.

ఆరేళ్ళు ఉత్తరాల్లో సూపర్‌వైజర్ని అని రాశారు. నాక్కూడా.

మార్చి 2

అన్నం పెట్టాను. ఈయనతో మాట్లాడలేదు.

మార్చి 9

కోపం తగ్గింది. ఆ ఎండలో ఎవరి తోటలోనో ఆరేళ్ళు ఇలాగే వంగి ఉంటారు. అడగను. ఆయనే చెప్పాలి.

మే 24, ఆదివారం

పూసింది! ఎర్రగా, నాలుగు పూలు.

పక్కింటి కనకమ్మగారు చూడ్డానికి వచ్చి బుగ్గలు నొక్కుకున్నారు. అత్తయ్యగారు అందుకున్నారు, మావాడు అక్కడ వందమంది మీద సూపర్‌వైజరండీ అని.

ఈయన చేతులు కడుక్కుంటూ, "కాదమ్మా, మాలీని. ఆరేళ్ళూ షేకు ఇంట్లో మొక్కలు పెంచేను" అన్నారు.

అత్తయ్యగారు లోపలికి వెళ్ళిపోయారు. కనకమ్మగారు ఓసారి ఆయన్నీ, ఓసారి పూలనీ చూసి, "ఆయ్, అదా సంగతి! అయితే మా దొడ్లో కూడా ఓ గొయ్యి తీసిపెట్టు సూరిబాబూ" అన్నారు.

ఆవిడ వెళ్ళాక ఈయన నావైపు చూశారు. నాకు తెలుసండీ, దుంపలు కోసిన రోజే తెలిసింది అన్నాను. మెట్ల మీద కూలబడి నవ్వారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

మే 26

రెండు రోజులు అత్తయ్యగారు ఎవరితోనూ పలకలేదు. ఇవాళ బియ్యం కడిగిన నీళ్ళు తనే పట్టుకెళ్ళి, ఎన్ని పొయ్యాలిరా అని కొడుకుని అడిగారు.

జూన్ 19

ఆకుల కింద కప్ప! ఈ ఇసుకలోకి ఎక్కణ్ణించి వచ్చిందో. సాయంత్రమంతా అరిచింది. ముగ్గురం అరుగు మీద కూర్చుని విన్నాం.