బక్కెట్లో ఇసుక

కడియం,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు గణేష్‌బాబుకు, అక్క దేవిశ్రీ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేము ముగ్గురం ప్రాణాలతో క్షేమం. అంతకంటే గట్టిగా రాయలేను. నాన్న కుడిచేతి కట్టు ఇంకా విప్పలేదు. అమ్మ అన్నం కలిపి పెడుతుంటే పసిపిల్లాడిలా సిగ్గుపడుతూ తింటున్నాడు. నీకు జైల్లో జ్వరం తగ్గిందని రాశావు, సంతోషం. చన్నీళ్ళు పోసుకోకు.

ములాఖత్‌కి వచ్చినప్పుడు చెబుదామంటే పక్కన అమ్మ, చుట్టూ అందరి అరుపులు. అమ్మ ముందు చెప్పలేని సంగతులున్నాయి, అందుకే ఉత్తరం. నీ చేతికి ఇచ్చేముందు జైలువాళ్ళు చదువుతారట. చదవనీ.

ముందు నీ ప్రశ్నలు. బయటికొచ్చాక మళ్ళీ రేసు కారు కడతానని, దానికి ఏ బ్యాటరీ మంచిదో కనుక్కుని ఉంచమని రాశావు. ఆ మాట చదివి నీ ఉత్తరాన్ని ఉండచుట్టి కుండీల మధ్యకి విసిరికొట్టాను. మూరెడు లేని రిమోటు కారు కోసం మనిషిని చావగొట్టి లోపలికెళ్ళినవాడు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? కాసేపటికి నేనే వెళ్ళి ఏరి తెచ్చుకున్నాను.

సరే, చెబుతాను. మన పందెం అయిదు నిమిషాలు. దానికి ఆరువేల ఎంఏహెచ్ బ్యాటరీ ప్యాకు మొయ్యడం దండగ. నాలుగువేల పైచిలుకు పొట్టి ప్యాకు చాలు. బరువు తగ్గుతుంది, కారు నడిమికి జరిపి బిగించుకోవచ్చు, వంపులో వెనక భాగం ఈడ్చుకుపోదు. పైన అచ్చేసిన పెద్ద పెద్ద అంకెలు నమ్మకు. చార్జరుకి తగిలించి ప్యాకులో ఉండే రెండు సెల్లుల లోపలి రెసిస్టెన్స్ చూసుకో. తక్కువుండాలి, రెండింట్లోనూ ఒకేలా ఉండాలి. ఉబ్బినదాన్ని ముట్టుకోకు. అన్నిటికంటే ముందు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న ప్యాకే కొను.

ఇవేవీ నా మాటలు కావు. పెద్దాపురంలో కారు పార్టులు అమ్మే మన లోవరాజు తన కొట్టు ముందు నిలబెట్టి మనిద్దరికీ చెప్పినవి. "డ్రోన్లకి వాడే మెత్త ప్యాకు ఇందులో పెట్టకురా బాబూ. దేనికైనా గుద్దుకుందంటే చిల్లుపడి మండిపోద్ది" అన్నాడు. నువ్వు నవ్వావు. "నీ సరుకు అమ్ముకోడానికి ఎన్నయినా చెప్తావులే" అన్నావు. తేలిగ్గా ఉంటుందని ఆ మెత్త ప్యాకే ఆన్‌లైన్‌లో తెప్పించావు. పందెం రోజు తనిఖీవాళ్ళకి గట్టి ప్యాకు చూపించావు. ఫైనల్ ముందు నన్ను టీకి పంపి దాన్ని మార్చేశావు.

ఇక రెండో సంగతి. "లోవరాజు కావాలని గుద్దాడు. నా కారు తగలబడింది. పైగా బక్కెట్టెత్తి నా మీదికొచ్చాడు. ప్రాణం కాపాడుకోడానికి కొట్టాను" అని రాశావు. అది ప్లీడరుగారు నీ చేత అప్పజెప్పించిన పాఠం. నేను ఆ రోజు నీ పక్కనే నిలబడి ఉన్నాను గణేషూ. నాకెందుకు అప్పజెబుతావు?

జరిగింది నేను రాస్తాను, చదువు. రాజమండ్రి బైపాస్ పక్క ఫంక్షన్ హాలు ఆవరణలో ఆఖరి పందెం. వంపు దగ్గర లోవరాజు కారు ముందుంది. నువ్వు లోపలివైపు నుంచి నీ కారు దూర్చావు. అక్కడ చోటు లేదు. చక్రానికి చక్రం తగిలి నీ కారు గాల్లోకి లేచి, అంచుకి కొట్టిన చెక్క మీద పడింది. చెక్కలోంచి తేలిన మేకు ప్యాకులో దిగింది. ముందు పాము బుసలాంటి చప్పుడు, తెల్లటి పొగ, ఆ వెంటనే మంట. అందరం వెనక్కి దూకాం. లోవరాజు ఒక్కడే రిమోటు అవతల పారేసి, గోడవారనున్న ఎర్ర బక్కెట్టు అందుకుని నీ కారు వైపు పరిగెత్తాడు. నీ వైపు కాదు. నీ కారు వైపు.

నువ్వు ట్రాకు పైపులు కదలకుండా పాతిన ఇనప ఊచ ఊడబెరికావు. మొదటి దెబ్బ మోకాలి మీద. అతను కూలబడ్డాడు. బక్కెట్టు దొర్లి ఇసుకంతా అతని కాళ్ళ మీద ఒలికింది. "గణేషూ, మంట... మంట ఆర్పనీరా" అన్నాడు. రెండో దెబ్బ ముఖం మీద. కొబ్బరిబోండం మీద కత్తి పడినట్టు చప్పుడైంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చేతి మీద కొట్టావు. ఇసుక ఎర్రగా ముద్దకట్టింది. అతను కదలడం మానేశాక కూడా కొట్టావు. నీ నడుం పట్టుకుని లాగితే మోచేత్తో నా పెదవి చితక్కొట్టి, "వదల్తావా, చంపెయ్యమంటావా?" అని అరిచావు. ఆ మాట అతన్ని అన్నావో నన్ను అన్నావో ఇప్పటికీ తెలీదు. నలుగురు కలిసి నిన్ను పడదోసి మీద కూర్చుంటే గానీ ఆగలేదు. వెనకాల నీ కారు తనంతట తాను కాలి ప్లాస్టిక్ ముద్దయింది.

లోవరాజు ఎడమకన్ను తీసేశారు. నీకు ఇది ఎవరూ చెప్పలేదనుకుంటాను.

నాన్న చెయ్యి ఎలా విరిగిందని అడిగావు. నిచ్చెన మీంచి పడ్డాడని అమ్మ నీతో చెప్పింది. అబద్ధం. లోవరాజు వాళ్ళన్న త్రిమూర్తులు ముగ్గురిని వెంటేసుకుని ఒకరోజు పొద్దున్నే మన నర్సరీ మీదికొచ్చాడు. మేము మొక్కలకి నీళ్ళు పెడుతున్నాం. వస్తూనే కుండీలు తన్నడం మొదలుపెట్టారు. లారీకి ఎత్తడానికి వరసగా పేర్చిన మామిడి అంట్లని కత్తులతో మొదలంటా నరికారు. నాన్న చేతులు జోడించి ఎదురెళ్ళాడు.

"మావాడు చేసింది ముమ్మాటికీ తప్పేనండి. మీరు శాంతించండి త్రిమూర్తులుగారూ" అన్నాడు.

"మా తమ్ముడు కన్నిచ్చాడండి బుల్లబ్బాయిగారూ. మీరేం ఇస్తారు?" అన్నాడతను. అని, అక్కడే ఉన్న పార అందుకుని కర్రవైపు తిప్పి, ఆ జోడించిన చేతుల మీదే కొట్టాడు. నాన్న ఎముక విరిగిన చప్పుడు నాకు పంపు దగ్గరికి వినబడింది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది రాస్తున్నాను. మల్లె అంట్లు కోసే కొడవలి నా చేతిలో ఉంది. నేను ఆలోచించలేదు. వెనకనుంచి వెళ్ళి త్రిమూర్తులు ముంజేతి మీద వేశాను. ఎముక తగిలే దాకా దిగింది. పార జారిపోయింది, అతను కుండీ పెంకుల్లో వెల్లకిలా పడ్డాడు. తోడొచ్చినవాళ్ళు నా ముఖం చూసి వెనక్కి తగ్గారు. నేను మళ్ళీ కొడవలెత్తాను. మెడ కనబడుతోంది. రాయడానికి సిగ్గుగా ఉంది తమ్ముడూ, ఆ క్షణాన నాలో భయం లేదు, జాలి లేదు. ఒళ్ళంతా హాయిగా ఉంది. నీకూ అప్పుడు అలాగే ఉండి ఉంటుంది.

అతను తెగని చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా వాళ్ళ తమ్ముడు పెట్టుకున్నట్టే. అది చూశాక నా చెయ్యి కిందికి దిగలేదు, పైనా నిలవలేదు. కొడవలి పక్కకి పారేసి, నా చున్నీ చింపి అతని చేతికి నేనే కట్టుకట్టాను.

ఆ తర్వాత అందరూ కలిసి నోరు మూసుకున్నారు. నాన్న నిచ్చెన మీంచి పడ్డాడు, త్రిమూర్తులు పెంకుల మీద పడ్డాడు. అతను నా పేరు చెబితే తన పేరూ బయటికొస్తుంది కదా. ప్లీడరుగారు ఇంటికొచ్చి నన్ను కూర్చోబెట్టి, "బక్కెట్టు పెట్టి కొట్టబోయాడని ఒక్క మాట చెప్పమ్మా. మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. ఆయన వెళ్ళాక అమ్మ నా గడ్డం పట్టుకుని ఏడ్చింది.

"వాడి కన్ను ఎలాగూ రాదు కదే. నీ తమ్ముడైనా రావాలి కదే" అంది.



మర్నాడు అమ్మకి చెప్పకుండా పెద్దాపురం వెళ్ళాను. లోవరాజు మంచం మీద కూర్చుని ఉన్నాడు, ముఖం సగం కట్టులో ఉంది. వాళ్ళమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేస్తే, అతనే "రానియ్యమ్మా" అన్నాడు. ఏడవకూడదనుకుని వెళ్ళి ఏడ్చాను. అతను నన్ను ఏడవనిచ్చాడు.

"నేను కొట్టడానికి వచ్చానని అందరూ అంటున్నారంట అక్కా" అన్నాడు. "కన్ను సంగతి వదిలెయ్. ఆ బక్కెట్లో ఉన్నది ఇసకేనని నువ్వు చెప్తావా?"

"చెబుతాను" అన్నాను.

పోయిన బుధవారం స్టేషన్‌కి వెళ్ళి చెప్పాను. బక్కెట్టు సంగతి, ఊచ సంగతి, నువ్వు ప్యాకు మార్చిన సంగతి. నీ మీద చెప్పి నా కొడవలి దాచుకోవడానికి మనసొప్పలేదు, అదీ చెప్పాను. నాన్న తోడొచ్చాడు. విరిగిన చెయ్యి మెడకి వేలాడుతుండగా ఎస్సైగారి ముందు నిలబడి, "మా అమ్మాయి చెప్పింది నిజమేనండి, నర్సరీలో జరిగింది నేనూ చూశాను" అన్నాడు. నా మీద ఒక కేసు, త్రిమూర్తులు మీద ఒక కేసు రాశారు. నాకు బెయిలు వచ్చింది. అమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

నేను చెప్పినదాని వల్ల నీకు శిక్ష పడొచ్చు. తెలిసే చేశాను. నాకూ పడొచ్చు. వాయిదా రోజు నీ మీద సాక్షిగా బోనెక్కుతాను, ఇంకోరోజు నా మీద నేరానికి ముద్దాయిగా బోనెక్కుతాను. నన్ను తిట్టు, పడతాను. బయటికొచ్చాక కొడతానని అను, దానికీ పడతాను. కోర్టులో నా ముఖం చూడకపోయినా సర్దుకుంటాను. కానీ జడ్జిగారు అడిగినప్పుడు "మా అక్క అబద్ధం చెబుతోంది" అని మాత్రం అనకు. నువ్వు ఆ ఒక్క మాట అన్నావంటే, నాకు తమ్ముడు ఉన్నాడని ఇంకెవరితోనూ చెప్పుకోను.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
దేవిశ్రీ