తాబేలు కట్ట గురించి అన్నది నేనే

అంకులి,
సోమవారం పొద్దున్న.

గంగమ్మ తల్లి చల్లని చూపు మన రెండిళ్ల మీదా ఉండాలి.

అప్పకు, నీ చెల్లెలు రత్నం నీ కాళ్లకూ బావ కాళ్లకూ దణ్ణం పెట్టి రాస్తున్నది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? కొత్త కోడలు అన్నం సరిగ్గా తింటోందా, ఇంకా మొహమాటపడుతోందా? ఇక్కడ నేనూ మా పిల్ల సుజాతా ఒంట్లో బాగానే ఉన్నాం. బెంగ పెట్టుకోకు. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. నీకు ఎడమ చెవి వినబడదు, నీకు వినబడాలని మీవాళ్లు స్పీకరు పెడతారు, వాకిట్లో కూర్చున్నవాళ్లంతా వింటారు. ఈ సంగతి ముందు నువ్వొక్కదానివే తెలుసుకోవాలి. నిదానంగా చదువుకో, తొందర లేదు.

మేము ఊరు విడిచి వచ్చి ఎనిమిది నెలలు దాటింది. సముద్రం మా ముందు గది పట్టుకుపోయాక సుజాతకు బరంపురంలో రక్తపరీక్షల దగ్గర ఉద్యోగం దొరకడం తల్లి దయే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. అంకులిలో రెండు గదుల ఇల్లు, నీళ్లకు ఇబ్బంది లేదు. కానీ అప్పా, ఇక్కడ గాలి కదలదు. వాన పడ్డాక కూడా ఉక్కపోతే. చేప తెచ్చినా మంచులో ఉన్న చేప, కళ్లు తెల్లబడిపోయి ఉంటుంది. వండుతాను గానీ తినబుద్ధి కాదు, సుజాత కోసం తింటాను. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. వీధిలో, దుకాణంలో, ఎక్కడికి వెళ్లినా నేను మాఉసీనే, ఒడియాలో పిన్ని అని. అదేమీ కష్టం కాదు, ఊరికే చెబుతున్నాను.

నేను బడా బజార్‌లో ఒక దుకాణంలో పనికి కుదిరానని నీకు తెలుసు. యజమానిని పాత్రో బాబు అంటారు, మర్యాదస్తుడు, మన మాట కూడా వచ్చు. కింద పుస్తకాలు, బొమ్మలు అమ్ముతారు. పైన హాల్లో ఆరు బల్లలు వేసి ఉంటాయి. అక్కడ కాలేజీ పిల్లలూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ వచ్చి ముక్కలాట ఆడతారు. బల్లలు తుడవడం, టీ ఇవ్వడం, ముక్కల్ని రంగుల వారీగా డబ్బాల్లో సర్దడం నా పని. నువ్వు కంగారుపడకు, ఇది మన వీధుల్లో పోలీసులు తరిమే పేకాట కాదు. డబ్బు పెట్టరు. ముక్కల మీద జంతువులూ దేవతల్లాంటివాళ్లూ ఉంటారు, ఒక్కోదానికి ఒక్కో బలం. ఎవరికివాళ్లు ఇంటి దగ్గర అరవై ముక్కలు ఏరి కట్ట కట్టుకుని వస్తారు. నిప్పు కట్ట గబగబా కొట్టి ముగించేస్తుంది. అడవి కట్ట మెల్లగా పెరుగుతుంది. తాబేలు కట్ట అన్నిటికన్నా నెమ్మది, దెబ్బలు కాచుకుంటూ కాచుకుంటూ చివరికి ఒక్క అలతో ముంచేస్తుంది. ఎవరు ఏ కట్ట తెస్తారో ముందే తెలిస్తే దానికి విరుగుడు ముక్కలు పెట్టుకోవచ్చు. అందుకని పోటీ దాకా ఎవరికివాళ్లు దాచుకుంటారు. నిప్పు తెస్తున్నానని పైకి చెప్పి అడవి తెస్తారు. అది తప్పు కాదు, ఆటలో భాగమే.

ఆట నాకు పూర్తిగా రాదు. కానీ మనం పుట్టి పెరిగింది రేవులో. పడవ ఎంత మునిగి వస్తోందో చూసి లోపల ఏం ఉందో చెప్పడం అమ్మ మనకు నేర్పకుండానే వచ్చింది. ఇక్కడా అదే కన్ను. నిప్పు కట్టవాడు కుర్చీ అంచున కూర్చుంటాడు, టీ వేడివేడిగా తాగేస్తాడు. నెమ్మది కట్టవాడు గ్లాసు పక్కన పెట్టి మరిచిపోతాడు, మీగడ కట్టాక తీసుకుంటాడు. కొన్ని వారాలకు ఎవరి దగ్గర ఏముందో నాకు తెలిసిపోతూ ఉండేది. నాలో నేను నవ్వుకునేదాన్ని. ఆ ఒంటరితనంలో అదొక కాలక్షేపం అయింది.

అక్కడికి ఝాన్సీ అని ఒక అమ్మాయి వస్తుంది. మన తెలుగువాళ్లే, తండ్రి బడి పంతులు. డిగ్రీ ఆఖరి ఏడాది. తండ్రి దుకాణంలో జరిగే ఈ ఒక్క పోటీకి ఒప్పుకున్నారు. గెలిచి భువనేశ్వర్ పెద్ద పోటీకి వెళితే సరే, లేకపోతే ముక్కలు మానేసి పరీక్షలకు చదువుకోవాలని మాట. ఆ పిల్లకు బబులు అని ఒడియా అబ్బాయి స్నేహితుడు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఇద్దరూ మూల బల్ల దగ్గర కూర్చుని నెలల తరబడి సాధన చేశారు. నేను టీ తీసుకువెళితే ఝాన్సీ ముక్కలు బోర్లా తిప్పేసేది, నవ్వి "థాంక్సాంటీ" అనేది. ఆడేవాళ్లలో నన్ను ఆంటీ అని తెలుగులో పలకరించేది ఆ పిల్ల ఒక్కతే. ఊళ్లో అమావాస్యకు గంగమ్మకు ఏం నైవేద్యం పెడతారని కూడా అడిగింది ఒకసారి.

పోటీ ఒక ఆదివారం పెట్టారు. అంతకు ముందు శుక్రవారం సాయంత్రం పాత్రో బాబు ఒక కాగితం తిప్పారు. ఎవరు ఏ కట్టతో వస్తారు, ఎవరు గెలుస్తారు అని ఎవరికి తోచింది వాళ్లు రాయాలి. ఎక్కువ నిజమైనవారికి మిఠాయి పెట్టె. ఆ రోజు ఝాన్సీ, బబులు రాలేదు. ఉన్నవాళ్లు ఏడెనిమిది మంది. నేను గ్లాసులు ఏరుతుంటే పాత్రో బాబు నన్ను ఆపారు.

"మాఉసీ, నీ మొగం సూత్తే అన్నీ తెలిసినట్టే ఉంటాది. నువ్వు కూడా సెప్పు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అప్పా, ఇన్ని నెలల్లో నన్ను ఒకరు కూర్చోబెట్టి అడగడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో నోరు నా మాట వినలేదు. ఈ బాబు నిప్పు, ఆ బాబు అడవి అని వరసగా చెప్పుకుపోయాను. ఎదురుగా ఉన్నవాళ్లు మొహాలు దాచుకున్నారు, అంటే నిజమేనన్నమాట. అది ఇంకా బాగుంది నాకు. చివరికి ఝాన్సీ పేరు వచ్చింది. నిప్పు అని ఆ పిల్ల అందరికీ చెప్పుకుంది. నేను అన్నాను, "ఆ అమ్మాయి నిప్పంటంది గానీ తాబేలే తెస్తాది." ఎలా తెలుసు అని ఒకతను అడిగితే కూడా చెప్పాను. నిప్పు కట్ట ఆట ఒక గ్లాసు టీకి అయిపోతుంది, వాళ్ల ఆట మూడు గ్లాసులకూ అవ్వలేదు అని. గెలుపు కూడా ఆ పిల్లదే అనుకున్నాను, కానీ నా ఎదురుగా ఉన్న అతని పేరు వేయించాను, మొహమాటానికి.

ఆదివారం ఝాన్సీ తాబేలు కట్టే తెచ్చింది. మొదటి ఆట గెలిచింది. రెండోది, మూడోది ఓడిపోయింది. ఆ రెండు ఆటల్లో ఎదుటివాళ్లిద్దరి దగ్గరా తాబేలుకు విరుగుడు ముక్కలున్నాయి. మామూలుగా అవి ఎవరూ పెట్టుకోరట, ఇంకే కట్ట మీదా పనిచేయవట. ఆ ఇద్దరూ శుక్రవారం నా మాట విని నవ్వినవాళ్లే. ఝాన్సీ ముక్కలు కట్టి పెట్టుకుంది, ఏడవలేదు. వెనక్కి తిరిగి బబులు వైపు చూసింది.

"నీకు తప్ప ఇంకెవురికీ తెలీదు గదరా."

"ము కహిని" అన్నాడు ఆ అబ్బాయి. నేను చెప్పలేదు అని. ఒక్కసారే అన్నాడు.

"అయితే గోడ సెప్పిందా? ఇంకెప్పుడూ నా ఎదట పడకు."

నేను టీ పళ్లెంతో వాళ్ల పక్కనే ఉన్నాను. రెండు చేతుల దూరం కూడా లేదు. అప్పుడే అనవలసింది. అనలేదు. విరుగుడు పెట్టుకున్న ఇద్దరూ అనలేదు, వాళ్ల మాట వదిలేయి, వాళ్లు పోటీలో ఉన్నవాళ్లు. నేను ఎందుకు అనలేదో నాకే తెలియదు. పని పోతుందని కాదు. ఆ పిల్ల నన్ను ఆంటీ అని పిలవడం మానేస్తుందని కాబోలు. బబులు మెట్లు దిగి వెళ్లిపోయాడు, వెనకాలే ఆ పిల్లా వెళ్లిపోయింది. సాయంత్రం కాగితాలు లెక్కపెడితే నా అంచనాలే ఎక్కువ నిజమయ్యాయి. నేను మొహమాటానికి పేరు వేయించిన అతనే గెలిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మిఠాయి పెట్టె ఇంటికి తెచ్చి గంగమ్మ పటం ముందు పెట్టాను గానీ, తల్లీ తీసుకో అని నోరు రాలేదు. మర్నాడు పక్కింటివాళ్లకు ఇచ్చేశాను.

తర్వాత మూడు వారాలు ఆ ఇద్దరూ దుకాణానికి రాలేదు. బబులు సూరత్ వెళ్లిపోయాడని, మగ్గాల మిల్లులో చేరాడని పాత్రో బాబు చెప్పారు. వాళ్ల అన్న ఎప్పటినుంచో పిలుస్తున్నాడట, ఎలాగూ వెళ్లేవాడే అన్నారు. కావచ్చు. కానీ ఆ మాట పడకుండా వెళ్లేవాడు కదా. పూజకు కూర్చుంటే ఆ అబ్బాయి గొంతే వినబడేది. సుజాత అడిగితే తలనొప్పి అన్నాను. కూతురికి కూడా అబద్ధం చెప్పాను చూడు.

అప్పుడే అప్పా, ఎర్రయ్య మావ పడవ గుర్తొచ్చింది. నాకు పదకొండేళ్లు. మావ పడవ అలల అవతల ఉండగానే "నిండా కవళ్లే" అని నేను ఒడ్డంతా వినబడేలా అరిచాను. బుట్టలతో నిలబడిన బేరగాళ్లు విన్నారు. అంత చేప వస్తుంటే తొందరేముందని చేతులు కట్టుకున్నారు, పడవ ఇసకకు తగిలేసరికి ధర పడిపోయింది. అమ్మ నా జడ పట్టుకుని మావ ఎదుట నిలబెట్టింది. "నీల్ల మీదున్న పడవలో ఏటుందో నీకు తెలిసినా తెలీనట్టే ఉండాల. సెప్పుకోడం పడవోడిది. అన్నది నేనే అని సెప్పు, ఆడికే కాదు, అందరికీ ఇనబడాల." నేను చెప్పాను. నువ్వు నా పక్కన నిలబడి నవ్వు ఆపుకున్నావు. మావ నా చేతిలో రెండు కవళ్లు పెట్టాడు, దానికి నేను ఇంకా ఏడ్చాను. రేవులో ఏ ఆడదీ తప్పని ఆ కట్టుబాటు నేను ఊరు దాటగానే మరిచిపోయాను. ఇక్కడ సముద్రం లేదు కాబట్టి పడవలు కూడా లేవనుకున్నాను.

నిన్న ఝాన్సీ వచ్చింది. తన ముక్కలన్నీ అట్టపెట్టెలో వేసి పాత్రో బాబుకు ఇచ్చేయడానికి. హాలు నిండుగా ఉంది. ముందు రోజే ఇక్కడి ఠాకురాణి అమ్మవారి గుడికి వెళ్లి మొక్కుకున్నాను, ఆ పిల్ల కనబడితే ఆలస్యం చేయనని. పళ్లెం బల్ల మీద పెట్టాను. అన్నాను.

"ఝాన్సమ్మా, తాబేలు కట్ట గురించి అన్నది నేనే. బబులు కాదు. అందరూ ఇనండి, అన్నది నేనే."

పాత్రో బాబు, "ఇప్పుడెందుకు మాఉసీ అయ్యన్నీ, ఆటే గదా" అన్నారు. విరుగుడు పెట్టుకున్న ఇద్దరిలో ఒకడు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఝాన్సీ నన్నే చూస్తోంది.

"నా ముక్కలు సూసారా ఆంటీ?"

"లేదమ్మా. టీ గ్లాసులు సూసాను."

"నేను బబులుని అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

ఝాన్సీ అట్టపెట్టె పాత్రో బాబు ముందు పెట్టింది. నేను పోసిన టీ ముట్టుకోకుండా వెళ్లిపోయింది. నేను మిగతావాళ్లకు ఇచ్చాను, బల్లలు తుడిచాను. దుకాణం మూసే వేళకు గ్లాసులు కడుగుతుంటే మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. తను ఎన్నిసార్లు ఫోను చేసినా బబులు ఎత్తడం లేదట, ఈ పిల్ల నంబరు ఆపేశాడట. "నేనంటే ఆడు నమ్మడు. మీరే సెప్పాలి" అంది. ఆమె ఫోను లోంచి నంబరు తీసుకుని నేనూ చేశాను, కొత్త నంబరని ఎత్తలేదు. ఝాన్సీ బబులు వాళ్లమ్మకు ఫోను చేసి అడిగితే మిల్లు పేరూ వీధి పేరూ తప్ప గది నంబరు తెలియదంది.

ఇక్కడ నీతో పని పడింది అప్పా. నీ కొడుకు సింహాద్రి పండగకు ఇంటికి వచ్చాడు కదా, వచ్చే వారం సూరత్ తిరిగి వెళతాడని సుజాత చెప్పింది. వాడుండేది అదే వైపు. దీనితో పాటు ఒక మడత కాగితం పెడుతున్నాను, పైన మిల్లు పేరు, వీధి పేరు ఉన్నాయి. వాడి చేతికిచ్చి, బబులుని వెతికి చేతిలోనే పెట్టమను. మిల్లు వాచ్‌మన్‌కు ఇచ్చి రావద్దని గట్టిగా చెప్పు. పిన్ని అడిగిందంటే వాడు కాదనడు.

బావకు ఈ సంగతి నువ్వే చెప్పు, నా గురించి ఆయన ఏమన్నా పడతాను. కొత్త కోడలికి నా దీవెనలు. ఎర్రయ్య మావ ఇంట్లో పెద్దమ్మ ఉన్నారు కదా, ఆవిడకు నా దణ్ణాలు చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక పొట్లం ఎండు నెత్తళ్లు పంపు. నా గురించి బెంగ పెట్టుకోకు. పని పోలేదు. ఝాన్సీ నాతో మునుపటిలా మాట్లాడుతుందో లేదో తెలియదు, అది ఆ పిల్ల ఇష్టం. గంగమ్మకు నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టు.

ఆ కాగితం గురించి ఒక్క మాట. నాకు ఒడియా రాయడం రాదు, కూడబలుక్కుని చదవడం వచ్చు. అందుకని నేను చెబుతుంటే ఝాన్సీయే రాసింది, గ్లాసుల పక్కన బల్ల మీద కూర్చుని. నేను ఏం అన్నానో, ఎందుకు అన్నానో, ఆ రోజు ఎలా నోరు మూసుకున్నానో అంతా. ఒక్క ముక్క తగ్గించలేదు. రాయడం అయ్యాక కాగితం తన వైపు తిప్పుకుని తనది ఒక వరుస రాసి మడతపెట్టింది. మడత నా చేతిలోనే ఉంది, నేను విప్పలేదు. అందులో ఏముందో నాకు అంచనా ఉంది అప్పా. ఎవరికీ చెప్పను. నువ్వు కూడా విప్పకు.

నీ దీవెన కోసం ఎదురుచూసే
చెల్లెలు
రత్నం