ఎనిమిదో డేవిడ్ జోన్స్

కిష్టారెడ్డిపేట,
జూన్ 9.

ప్రియమైన బాపుకు,

రవళి నమస్కరించి రాస్తున్నది. ఈ ఉత్తరం నీకు మహితే చదివి వినిపిస్తుందని తెలుసు. ఆ ఇంట్లో నీకు చదివిపెట్టే తీరిక ఇంకెవరికుంది? మహితా, గొంతు తగ్గించకుండా చదువు. ఎక్కడైనా కష్టంగా ఉంటే ఆగి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టు. వాక్యాలు మింగొద్దు, తాత వెంటనే పట్టేస్తాడు.

బాపూ, నేను ఇల్లు వదిలి ఏడు నెలలైంది. ఇక్కడ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. మాత్రల డబ్బాల మీద లేబుళ్లు సరిగ్గా పడ్డాయో లేదో పొద్దంతా నిలబడి చూడాలి. కాళ్లు లాగుతాయి. అయినా ఒకరి మాటలు రాసుకునే పని లేదు కనుక ప్రాణానికి హాయిగానే ఉంది. నీకు ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. మొన్న అన్నయ్య ఫోన్ చేసి, తన బిడ్డ మహితను డిగ్రీలో చేర్చడం లేదనీ, నీ రెండో సంపుటం రాయడానికి నీ దగ్గరే కూర్చోబెడుతున్నాననీ చెప్పాడు. "ఒక్క ఏడాదే కదనే, బాపు కోసం" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది.

నాకూ ఒక్క ఏడాదే అన్నావు. ఎమ్మేలో సీటొచ్చిన వారంలోనే షుగరు వల్ల నీ చూపు పోయింది. కంపెనీ స్టోర్స్‌లో నువ్వు గుమాస్తాగా ఉన్నప్పుడు, మిషన్లు బిగించడానికి వేల్స్ దేశం నుంచి వచ్చిన ఇంజనీరు వెళ్తూ వెళ్తూ నీకొక లావుపాటి పుస్తకం ఇచ్చిపోయాడు. ఆ దేశపు పాదిరులు, కవులు, పండితుల జీవితాలు. దాన్ని తెలుగు చేస్తే జిల్లాలో నీ అంతటివాడు ఉండడనుకున్నావు. నేను ఇంగ్లీషు చదవాలి, నువ్వు తెలుగులో చెప్పాలి, నేను రాయాలి. అలా పదహారేళ్లు గడిచాయి. నాకిప్పుడు ముప్పై ఎనిమిది.

ఆ పాదిరుల మీద నాకు కోపమేమీ లేదు. చొక్కా కింద పిస్తోలు దాచుకుని చర్చికి వెళ్లేవాడని చెప్పుకునే ఆ పాదిరి, ఊరివాళ్లతో తగాదాలు పడుతూనే బైబిలు మొత్తం వాళ్ల భాషలోకి తెచ్చాడు. ఇంకొకాయన ఊరికి మూడు నెలల చొప్పున బడిని తిప్పి, పొలం పనులు చేసుకునేవాళ్లకు చదవడం నేర్పాడు. పోటీలో గెలిచిన కవి పేరు పిలిచేసరికి అతను యుద్ధంలో పోయాడని తెలిసి, అతనికి బహుమతిగా ఇవ్వాల్సిన కుర్చీకి నల్లగుడ్డ కప్పిన రోజు సంగతి రాస్తూ నేను ఏడ్చాను. నువ్వు మాత్రం "ఏడ్సుడు తర్వాత, తారీకు రాసినవా?" అన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ల దేశంలో ఒకే పేరు పదిమందికి ఉంటుంది కదా. ఆ లావు పుస్తకంలో డేవిడ్ జోన్స్‌లు ఏడుగురు. నీ పుస్తకంలో ఎనిమిది మంది ఉన్నారు. ఆ ఎనిమిదో ఆయనను నేనే పుట్టించాను. నడివయసులో చూపు పోయిన పాదిరి, ఆయన చెప్పేది రాసిపెట్టే కూతురు. రాసీ రాసీ చివరికి కీర్తనలు ఆమే కట్టింది, అవి ఆయన పేరుతో అచ్చయ్యాయి. ఆయన శవం ముందు ఊరంతా ఆ కీర్తనలే పాడుతుంటే ఆమె అందరి వెనక నిలబడి విన్నది. ఇంగ్లీషులో ఉన్నట్టే నీకు చదివి వినిపించాను. నువ్వు తెలుగులో చెప్పావు. తర్వాత ఏ సభకు వెళ్లినా అదే కథ చెప్పి, "బిడ్డ అంటే గట్లుండాలె" అన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు అడుగుతావేమోనని ఆ అమ్మాయికి ఒక పేరు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. పాదిరి పుట్టిన ఊరు అడిగావు, చదివిన బడి అడిగావు, కూతురి పేరేంటని ఒక్కసారి కూడా అడగలేదు. నాకు అన్నిటికన్నా తగిలింది అదే.

మహితకు కాలేజీలో చేరడానికి శుక్రవారం ఆఖరు. దాన్ని పంపించు. పంపకపోతే ఇరవై రెండో తారీకున సంగారెడ్డిలో నీ పుస్తకావిష్కరణకు వస్తాను. సభ నడిపే ఇంగ్లీషు మాస్టారు త్రినాథరావు సారు చేతిలోంచి మైకు తీసుకుని, నువ్వు ఊరూరా చెప్పి ఏడిపించిన పాదిరి పుట్టనే లేదని చెబుతాను. నీ పదహారేళ్ల పని నవ్వులపాలవుతుంది. నావీ అదే పదహారేళ్లు, అయినా చెబుతాను.

ఇట్లు,
నీ కూతురు
రవళి

—

బొంతపల్లి,
జూన్ 12.

చి. రవళిని మొగులయ్య ఆశీర్వదించి రాయించేది.

నీ ఉత్తరం మహిత రెండుసార్లు చదివింది. మొదటిసారి ఏడ్చింది, రెండోసారి ఏడవలేదు. బాగా చదువుతుంది.

నాకు పోయింది చూపు ఒక్కటే. ఆ దేశపు ఊర్ల పేర్లు వచ్చినప్పుడల్లా నీ నాలుక తడబడేది. ఆ ఒక్క పేజీ మాత్రం ఎక్కడా తడబడకుండా చదివావు. మర్నాడే త్రినాథరావును పిలిచి పుస్తకం వెతికించాను. ఏడుగురే ఉన్నారని చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. మరి సభల్లో ఎందుకు చెప్పావంటావేమో. పుస్తకం మొత్తంలో అదే బాగుంది కనుక చెప్పాను. చప్పట్లు నాకు వచ్చాయి.

ఆ పిల్ల పేరు ఎందుకు అడగలేదన్నావు. నాకు తెలుసు కనుక అడగలేదు.

నీ ఎమ్మే నా కళ్ల వల్ల ఆగిందని ఇన్నాళ్లూ అనుకుంటున్నావు. కాదు. మీ డిగ్రీ కాలేజీ పత్రికలో నువ్వు రాసిన కథను, చూపు ఉన్నప్పుడే చదివాను. నా జన్మలో అలాంటి వాక్యం ఒక్కటి రాయలేనని ఆ రోజే తెలిసింది. చదువుకు పంపితే నీ రాతలు నువ్వు రాసుకునేదానివి. నా మాటలు రాసుకునేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. నా మాటల్ని బాగుచేసి రాసేవాళ్లు దొరకరు. అందుకే ఆపాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవడం లేదు.

సభలో నువ్వు లేవనక్కరలేదు. ఆ పేజీ కింద వేయమని ప్రెస్సుకు ఈ మాటలు పంపుతున్నాను: "ఈ జీవితం కల్పితం. గ్రంథకర్తకు చూపు లేని అదను చూసి ఆయన కుమార్తె రవళి ఇందులో ఇరికించినది. పాఠకులు క్షమించాలి." ఆరువందల పేజీల్లో నీ పేరు లేదని కదా నీ ఏడుపు. ఇప్పుడు ఉంది.

మహిత గురించి నువ్వు పెట్టే గడువులు ఇక్కడ చెల్లవు. సోమవారం రెండో సంపుటం మొదలుపెడుతున్నాం.

మొగులయ్య వేలిముద్ర

—

సంగారెడ్డి,
జూన్ 13.

ప్రియమైన అత్తకు,

తాత ఉత్తరం దీంతో పాటే పంపుతున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. నీ పేరున్న ఆ మూడు వాక్యాలు కూడా నేనే రాసి, పటాన్‌చెరు వెళ్లి ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. మార్చి ఇవ్వొచ్చు కదే, ఆయనకు తెలిసేది కాదు కదా అని నువ్వు అడుగుతావు. నాకూ ఆ ఆలోచన వచ్చింది. బస్సులో కాగితం విప్పి, పెన్ను కూడా తీశాను. ఇవాళ ఒక మాట మారిస్తే రేపు ఇంకోటి మార్చడానికి మళ్లీ ఆయన పక్కనే కూర్చోవాల్సి వస్తుందనిపించింది. నువ్వు అట్లనే కూర్చున్నావు అత్తా. నాకు భయమేసి పెన్ను లోపల పెట్టేశాను. నన్ను క్షమించమని అడగను.

ఇవాళ పొద్దున కాలేజీలో చేరాను, హాస్టల్ కూడా దొరికింది. ఫారం మీద నాన్నే సంతకం పెట్టాడు. తాత నీకు రాయించినదంతా నాన్న పక్కగదిలో నిలబడి విన్నాడు. సభకు నేను రాను. నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టమని తాత చెప్పాడట.

మేం బయల్దేరుతుంటే తాత గదిలోంచి పిలిచాడు. "రాసేటోళ్లు ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాడు. నేను, నాన్న, నానమ్మ, ముగ్గురం గడప దగ్గరే ఉన్నాం. ఎవరమూ పలకలేదు.

నీ మేనకోడలు
మహిత