ఈ ఏటి ఆఖరి పాకం

వెర్మాంట్, ఫిబ్రవరి

ప్రియమైన లొరేన్,

ఫోన్ మోగితే మీ అక్క జీనెట్ నిద్ర చెడుతుందన్నావుగా, అందుకే కలం పట్టాను. నవ్వకు.

ముక్కు ఆపరేషన్ అయ్యాక ఇప్పుడిప్పుడే మనిషినయ్యాను. ఇన్నేళ్ళుగా కళ్ళ కింద తిష్ఠ వేసిన ఆ బరువు లేదు. నోరు మూసుకుని నిద్రపోతున్నాను. రెండు పూటలా ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటుంటే పక్కింటి వెండెల్ చూసి, "గుర్రానికి కూడా ఇంత సేవ చెయ్యరు కదరా!" అన్నాడు. వాసన మాత్రం ఇంకా తెలియడం లేదు. దానికి హామీ ఇవ్వలేనని డాక్టర్ ముందే చెప్పాడుగా.

జీనెట్ దగ్గరే ఉండు.

హాయిగా ఊపిరి పీలుస్తున్న
నీ ఆల్డెన్

బాస్టన్, మార్చి మొదట్లో

ప్రియమైన ఆల్డెన్,

నువ్వు నిద్రపోతున్నావంటే ఏడుపొచ్చింది. గాలి ఆడక మంచం మీద లేచి కూర్చునేవాడివి.

అక్క సూపు కూడా మింగడం లేదు. ఈస్టర్ దాకా ఉండకపోవచ్చంది నర్సు. నా చెయ్యి వదలకుండా పడుకుంటోంది.

కానీ మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసే రోజులొచ్చేశాయి. చెట్లు మొగ్గ తొడిగాక దిగే రసం కంపు ఆవిరిలోనే తెలుస్తుంది, వెంటనే పొయ్యి ఆపాలి. పోయినేడు పక్కన నిలబడి ఆపించింది నేనే. వెండెల్‌ని పిలవమంటే నువ్వు చచ్చినా పిలవవు. మీ నాన్న పేరున్న డబ్బాల్లో చెడ్డ పాకం అమ్మితే ఊళ్ళో తలెత్తుకోలేం. వాసన రాకపోతే చెప్పు, అక్కని నర్సుకి అప్పగించి వచ్చేస్తాను. నిజం రాయి.

నీ కబురు కోసం చూస్తూ,
లొరేన్

వెర్మాంట్, మార్చి చివర్లో

ప్రియమైన లొరేన్,

వాసన వచ్చేసింది! కొట్టంలో ఒక్కణ్ణే రసం కాస్తుంటే ఆవిరి గుప్పున తగిలింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మొన్న కాస్త తేడా అనిపించగానే పొయ్యి ఆపేశాను. ఆఖరుగా కాచినదాంట్లోంచి ఒక సీసా పంపుతున్నాను. జీనెట్ నాలుక మీద ఓ చుక్క వెయ్యి.

నువ్వు రానక్కర్లేదు.

ఆల్డెన్

బాస్టన్, ఏప్రిల్

ప్రియమైన ఆల్డెన్,

అక్క మంగళవారం పోయింది. నా ఒళ్ళో తల పెట్టుకునే పోయింది.

నీ సీసా మూత తియ్యగానే ఉడికిన క్యాబేజీ నీళ్ళ కంపు కొట్టింది. నీకు వాసన రానే లేదని అప్పుడే తెలిసింది. ఒళ్ళు మండి పెట్టె సర్దుకున్నాను. "ఎక్కడికే?" అంది అక్క. చెప్పాను. సీసా ఇమ్మని, చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. "ఛీ! మీ ఆయన ముక్కు తగలెయ్య!" అని, పడుకున్నచోటే నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. "నిన్ను నా దగ్గర ఉంచడానికేనే ఈ అబద్ధం. కూర్చో" అంది. పెట్టె మళ్ళీ విప్పేశాను.

ఆఖరున కాచిందంతా పారబొయ్యి. ఒక్క డబ్బా అమ్మినా వెళ్ళి వెనక్కి తెచ్చుకో, వాసన తెలియలేదనే చెప్పు. అందులో సిగ్గేముంది? హాయిగా ఊపిరాడి పడుకుంటున్నావు, నాకదే చాలు. వచ్చే ఏడు పొయ్యి దగ్గర నేనుంటాను.

కళ్ళెదుట ఉంటే తిట్టిపోసేదాన్ని. కానీ నువ్వు నిజం రాసి ఉంటే, మా అక్క నర్సు చేతుల్లో పోయేది.

ఆదివారం బస్సుకి వస్తున్నాను.
నీ లొరేన్